రంగులు మానక్కరలేదు, గది మార్చండి

ప్రశ్న: మాది పెదకూరపాడు. నా వయస్సు 63. హైస్కూలులో తెలుగు చెప్పి రిటైరయ్యాను. రెండేళ్ళ క్రితం నా భార్య పోయింది. ఆ తరువాత ఆరేడు నెలలు నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు, అన్నం సయించలేదు. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ఇష్టం కనుక కిందటి సంవత్సరం ఆయిల్ రంగులు తెప్పించుకొని ప్రకృతి దృశ్యాలు వేయడం మొదలుపెట్టాను. గురువెవరూ లేరు. పుస్తకాలు చూసి, సెల్‌ఫోనులో చూసి నేర్చుకుంటున్నాను. కుంచె పట్టిన దగ్గర నుంచి నిద్ర పడుతున్నది.

ఇప్పుడు వేరే బాధలు మొదలైనాయి. బొమ్మ వేయడానికి కూర్చున్న గంటకు తలనొప్పి, కళ్ళు మంటలు, కాస్త తూలు. రాత్రి పొడిదగ్గు. కుడిచేతి వేళ్ళు ఎర్రబడి పగులుతున్నాయి. బొమ్మలు వేసేదీ, పడుకునేదీ ఒకే గది. మిరపకాయల ఘాటు వస్తుందని కిటికీ మూసే ఉంచుతాను. నాలుగు రోజులు మా అమ్మాయి దగ్గర ఉండి వస్తే తలనొప్పి రాలేదు. రంగుల్లో విషం ఉంటుందని ఎవరో చెప్పారట. మా అబ్బాయి అన్నీ పారెయ్యమంటున్నాడు. మా కోడలికి అయిదో నెల. మూడేళ్ళ మనవడు రోజంతా నా వెంటే ఉంటాడు. నాకు చేయి కొద్దిగా వణుకుతుంది కూడా. ఎక్స్‌ప్రెషనిస్టు పద్ధతిలో వేయాలని నా కోరిక. ఈ వయస్సులో, ఈ చేత్తో అది సాధ్యమా? అసలు మానెయ్యమంటారా? మానేస్తే మళ్ళీ ఆ రాత్రులు వస్తాయేమోనని భయంగా ఉన్నది.

- ఒక పాఠకుడు, పెదకూరపాడు

జవాబు: మాస్టారూ, మీరు రంగులు మానక్కరలేదు. కాని మీ అబ్బాయి భయం ఉత్త భయం కాదు. ఆయన మాటలో సగం నిజం ఉంది, మీ కోరికలో పూర్తి న్యాయం ఉంది. రెండూ నెగ్గే మార్గం ఉన్నది. అయితే ఇవాళే మార్చవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిని వాయిదా వేయకండి.

తలనొప్పి ఎక్కడి నుంచి వచ్చింది?

మీ ఉత్తరంలోనే జవాబున్నది. అమ్మాయి ఇంటికి వెళితే తలనొప్పి లేదు, మళ్ళీ గదిలో కూర్చున్న గంటకు వచ్చింది. అంటే అనుమానించవలసింది గదిలోని గాలిని. ఆ గాలిని పాడు చేస్తున్నది చాలావరకు రంగు కాదు, రంగు పలచన చేయడానికీ, కుంచెలు కడగడానికీ వాడే టర్పెంటైన్. అది పైన్ చెట్ల జిగురును బట్టీ పట్టి తీసే ద్రవం. మూత తీసి గిన్నెలో పోస్తే దానంతటదే ఆవిరైపోతుంది. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? మీ ముక్కులోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి పోతుంది. కళ్ళనూ గొంతునూ మండిస్తుంది. ఎక్కువైతే తలనొప్పి, తూలు, వికారం కలిగిస్తుంది. పైగా మీరు ఆ గదిలోనే పడుకుంటున్నారు. బొమ్మ వేసినది రెండు గంటలైనా, ఆవిరి పీల్చినది పది గంటలు.

దీనికి మందు చాలా తేలిక. టర్పెంటైన్ పూర్తిగా మానండి. ఆయిల్ రంగు వేయడానికి టర్పెంటైన్ తప్పనిసరి అనుకోవడం అపోహ. ట్యూబులోని రంగును అలాగే వాడవచ్చు. మరీ గట్టిగా ఉంటే రెండు మూడు చుక్కల అవిసె నూనె కలుపుకోవచ్చు. కుంచెలను ముందు గుడ్డతో బాగా తుడిచి, చవకరకం వంటనూనెలో జాడించి, మళ్ళీ తుడిచి, ఆపైన సబ్బు, గోరువెచ్చని నీళ్ళతో కడగండి. కొంచెం ఓపిక కావాలి, అంతే. వాసన లేని థిన్నర్లు దొరుకుతాయి కదా అని అడుగుతారేమో. వాసన లేనంత మాత్రాన ఆవిరి లేదని కాదు. వాసన ఉంటే ముక్కు హెచ్చరిస్తుంది, అది లేకపోతే ఆ హెచ్చరిక కూడా ఉండదు.

ఇకమీదట బొమ్మలు వసారాలోనో, చెట్టు కిందనో వేయండి. మిరపకాయల ఘాటు ఎక్కువగా ఉన్న రోజుల్లో పొద్దున్నే, గాలి వాలు చూసుకొని కూర్చోండి. తడి ఆరని బొమ్మలను కూడా పడకగదిలో పెట్టకండి. ఇవన్నీ చేశాక పది పదిహేను రోజుల్లో దగ్గు తగ్గకపోతే, లేదా ఊపిరి పీల్చినప్పుడు పిల్లికూతలు వినిపిస్తే, గుంటూరులోనో నరసరావుపేటలోనో ఛాతీ డాక్టరుకు చూపించుకోండి. ఉబ్బసం ఈ వయస్సులో కూడా మొదలు కావచ్చు. తలనొప్పి ఉన్నది కనుక రక్తపోటు కూడా ఒకసారి చూపించుకోవాలి. ప్రతిదీ రంగుల మీదకే తోసేయడం కూడా మంచిది కాదు.

రంగుల్లో విషం ఎంత?

ఆయిల్ రంగు అంటే రంగుపొడిని అవిసె నూనెతో నూరిన ముద్ద. నూనె వలన హాని లేదు. రంగుపొడుల్లో చాలావాటి వలన కూడా పెద్దగా ప్రమాదం లేదు. భయపడవలసినవి కొన్నే. వాటిలో మొదటిది సీసం. పూర్వం చిత్రకారులు వాడిన తెలుపు సీసపు తెలుపు. వాన్‌గో 1888లో వేసిన పొద్దుతిరుగుడు పువ్వుల్లో వాడిన క్రోం ఎల్లో కూడా సీసం ఉన్న రంగే. బ్రెజిల్ దేశంలో కాండిడో పోర్టినారీ అనే గొప్ప చిత్రకారుడు ఉండేవాడు. కాఫీ తోటల ప్రాంతంలో పుట్టి, న్యూయార్కులోని ఐక్యరాజ్య సమితి భవనానికి యుద్ధం, శాంతి అనే రెండు బ్రహ్మాండమైన చిత్రాలు వేసినవాడు. ఆయన ఒంటికి రంగుల్లోని సీసం పట్టిందని 1954లో బయటపడింది. ఆ రంగులు మానమని డాక్టర్లు చెప్పారు. ఆయన మానలేకపోయాడు. 1962లో, 58 ఏళ్ళ వయస్సులో, ఆ విషం వల్లనే మరణించాడు.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. పోర్టినారీకి లేని సౌకర్యం మీకు ఉన్నది. ఇవాళ సీసం లేకుండానే ఏ రంగైనా దొరుకుతుంది. ట్యూబు మీద పేరు కాక చిన్న అక్షరాలతో ఒక సంకేతం ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకొని అది చదవండి. పి.డబ్ల్యు. 1 అని ఉంటే సీసపు తెలుపు. పి.వై. 34 అంటే క్రోం ఎల్లో, పి.ఆర్. 104 అంటే సీసం ఉన్న నారింజ ఎరుపు. ఈ మూడూ మీ పెట్టెలో ఉండకూడదు. పి.డబ్ల్యు. 6 అంటే టైటానియం తెలుపు, అది వాడవచ్చు. పి.వై. 35, పి.వై. 37 కాడ్మియం పసుపులు, పి.ఆర్. 108 కాడ్మియం ఎరుపు. ముద్దగా ఉన్నంతవరకు వీటితో భయం తక్కువ, ఎండిన బొమ్మను గరుకు కాగితంతో రుద్ది ఆ పొడి పీలిస్తే ప్రమాదం. పేరు చివర 'హ్యూ' అని ఉంటే అసలు రంగుకు బదులు మరొక రంగుపొడి వాడారని అర్థం. మీలాంటివారికి అదే మేలు. సంకేతమే లేని ట్యూబు ఎంత చవకైనా కొనకండి. విడిగా అమ్మే రంగుపొడులు తెచ్చి ఇంట్లో నూరుకోవడం అసలు వద్దు.

ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు. 2017 నవంబరు నుంచి అది అమలులోకి వచ్చింది. అది ఇంటి రంగుల సంగతి. చిత్రకారుల ట్యూబులను మీరే చూసి కొనుక్కోవాలి.

సీసం ఒంట్లోకి ముఖ్యంగా వెళ్ళేది నోటి ద్వారా. పాశ్చాత్యులు చెంచాతో తింటారు. మనం చేత్తో కలుపుకొని తింటాం. గోళ్ళ సందున ఇరుక్కున్న రంగు పప్పన్నంలో కలుస్తుంది. అందుచేత గోళ్ళు కురచగా కత్తిరించుకోండి. బొమ్మ వేస్తూ టీ తాగడం, వక్కపొడి వేసుకోవడం, బీడీ కాల్చడం పనికిరావు. కుంచె మొన సన్నగా రావాలని పెదవులతో తడిపే అలవాటు కొందరికి ఉంటుంది. మీకు ఉంటే ఈ క్షణమే మానండి.

మీ ట్యూబుల్లో పి.డబ్ల్యు. 1 లేదా పి.వై. 34 కనిపిస్తే, ఏడాదిగా వాడుతున్నారు కనుక రక్తంలో సీసం ఎంత ఉన్నదో పరీక్ష చేయించుకోండి. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అటువంటి ట్యూబులు ఉంటే కోడలికీ, మనవడికీ కూడా ఆ పరీక్ష చేయించండి.

కోడలు, మనవడు

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీ తలనొప్పి కాదు, ఈ ఇద్దరి సంగతి. సీసం తల్లి రక్తం నుంచి మాయ దాటి కడుపులోని శిశువును చేరుతుంది. ఎదిగే మెదడుకు అది శత్రువు. కనుక కోడలు ఆ గది ఊడవడం, రంగు గుడ్డలు ఉతకడం, కుంచెలు కడగడం చేయకూడదు. టర్పెంటైన్ వాసన వచ్చే చోట కూర్చోకూడదు. మీ పంచె, చొక్కా రంగు అంటుకున్నవి విడిగా పెట్టి మీరే ఉతుక్కోండి.

ఇక మనవడు. పల్లెటూళ్ళలో చిన్నపిల్లలు కిరసనాయిలు తాగి ఆసుపత్రికి రావడం డాక్టర్లందరూ చూసినదే. టర్పెంటైన్ కూడా ఆ జాతిదే, అంతకన్నా తక్కువది కాదు. చిన్నపిల్లవాడికి ఒక పెద్ద చెంచాడు కూడా ప్రాణం మీదకు తేవచ్చు. దాన్ని కూల్‌డ్రింకు సీసాలోనో, మంచినీళ్ళ సీసాలోనో పోసి ఉంచితే పిల్లవాడికి అది పానకంలాగే కనిపిస్తుంది. ఇంట్లో మిగిలినది ఉంటే అసలు డబ్బాలోనే, మూత బిగించి, తాళం వేసి ఉంచి, వీలు చూసుకొని ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీకి ఇచ్చెయ్యండి. కాలువలో, బావి దగ్గర, దొడ్లో పారబోయకండి.

ఎప్పుడైనా పిల్లవాడు తాగినట్టు అనుమానం వస్తే ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి. వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్ళు తాగించడం, గొంతులో వేలు పెట్టడం, పాలు పోయడం ఏవీ వద్దు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది, అసలు ప్రమాదం అక్కడే. నోరు తుడిచి, 108కి ఫోను చేసి, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బాగానే ఆడుకుంటున్నాడని ఊరుకోకండి.

పత్తి ఇంట్లో నిప్పు

మీ ప్రాంతం వారికి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. టర్పెంటైన్ సుమారు 35 డిగ్రీల వేడిలోనే, నిప్పు తగిలితే భగ్గుమనేటంత ఆవిరి విడుస్తుంది. పల్నాటి ఎండలు మీకు నేను చెప్పాలా! రెంటచింతల పేరు దేశమంతా తెలిసింది ఎండల వల్లనే కదా. మే నెల మధ్యాహ్నం మూసిన గదిలో టర్పెంటైన్ గిన్నె, పక్కన అగరొత్తి లేదా గ్యాసు పొయ్యి ఉంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

దీనికన్నా మోసకరమైనది అవిసె నూనె గుడ్డ. ఈ నూనె నీళ్ళలాగా ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డను పరిచి ఉంచితే ఆ వేడి గాలిలో పోతుంది. ఉండచుట్టి మూల పడేస్తే వేడి లోపలే పెరిగి, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే, కొన్ని గంటల తరువాత అంటుకోవచ్చు. పత్తి తీత అయ్యాక మీ వైపు ధర కోసం ఇంట్లోనే పత్తి పోసి ఉంచే రైతులు ఎందరో. అటువంటి ఇంట్లో ఈ గుడ్డ ఉండ ఒక్కటి చాలు. అందుకని రంగు తుడిచిన గుడ్డలను నీళ్ళున్న మూత డబ్బాలో వేయండి, లేదా ఇంటి బయట తీగ మీద ఒక్కొక్కటి విడిగా ఆరవేయండి. వంటనూనెతో కుంచెలు తుడిచిన గుడ్డలకు కూడా ఇదే నియమం.

వేళ్ళ పగుళ్ళు

చేతికంటిన రంగును టర్పెంటైన్‌తో తుడుచుకుంటున్నారు కదూ? చాలామంది చేసే పొరపాటే ఇది. చర్మానికి సహజంగా ఉండే జిడ్డును అది కడిగేస్తుంది. చర్మం ఎండి, పగిలి, ఆ పగుళ్ళలో మళ్ళీ టర్పెంటైన్ పడుతుంది. కొందరికి దాని మీద ఎలర్జీ కూడా ఏర్పడుతుంది. ఒకసారి ఏర్పడితే తరువాత కొంచెం తగిలినా దురద లేస్తుంది. ఇకనుంచి చేతులకు కొబ్బరినూనె రాసి రంగు తుడిచి, మామూలు సబ్బుతో కడుక్కొని, ఆరాక మళ్ళీ కాస్త కొబ్బరినూనె గాని వాజిలైన్ గాని రాయండి. పగుళ్ళు మానేవరకు పలచటి రబ్బరు గ్లవుజులు వేసుకోండి. మూడు వారాల్లో తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టరును కలవండి. దుకాణంలో అడిగి స్టీరాయిడ్ ఆయింట్‌మెంటు తెచ్చి రాసుకోకండి.

వణుకు, చూపు

చేయి ఊరికే ఒడిలో పెట్టుకున్నప్పుడు వణుకుతుందా, కుంచె పట్టినప్పుడు వణుకుతుందా గమనించండి. పని చేసేటప్పుడు మాత్రమే వణికితే అది వయస్సుతో వచ్చే మామూలు వణుకు కావచ్చు. ఊరికే ఉన్నప్పుడు వణుకుతూ, నడక నెమ్మదించి, చేతిరాత చిన్నదవుతూ ఉంటే నరాల డాక్టరుకు చూపించాలి. కాఫీ, టీ ఎక్కువైనా, థైరాయిడ్ ఎక్కువగా పని చేసినా, ఉబ్బసానికి వాడే కొన్ని మాత్రల వలన కూడా వణుకు రావచ్చు. థైరాయిడ్ పరీక్ష చేయించండి.

కళ్ళు కూడా చూపించుకోండి. శుక్లం ముదిరితే లోకమంతా పసుపు పచ్చని గాజులో నుంచి చూసినట్లు ఉంటుంది. నీలం మసకబారుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకి 1912లో శుక్లాలు ఉన్నట్లు తేలింది. ఆయన ఆపరేషనుకు భయపడి 1923 దాకా ఆగాడు. ఆ మధ్యకాలంలో ఆయన వేసిన తోటలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి మారిపోయాయి. మీరు బుద్ధిపూర్వకంగా ఆకాశాన్ని ఎర్రగా వేస్తే అది కళ. నీలం వేశాననుకొని మరోటి వేస్తే అది శుక్లం. కళ్ళజోడు చేయించుకునేటప్పుడు, పుస్తకం దూరానికి కాదు, చేయి చాచినంత దూరానికి చూపు కావాలని డాక్టరుకు చెప్పండి. కళ్ళ మంటలోనూ కొంత భాగం ఈ కళ్ళజోడు వలన కావచ్చు.

ఇక మీ బొమ్మ సంగతి

ఈ చేత్తో సాధ్యమా అని అడిగారు. ఎక్స్‌ప్రెషనిజాన్ని మన విమర్శకులు అభివ్యక్తివాదం అన్నారు. కంటికి కనిపించినది ఉన్నది ఉన్నట్లు దించడం కాదు, అది చూసినప్పుడు మనస్సులో కలిగినదాన్ని రంగులో పెట్టడం దాని లక్ష్యం. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో 1905లో నలుగురు కుర్రవాళ్ళు దీనికి ఒక సంఘం పెట్టారు. దాని పేరు 'వారధి'. ఆ నలుగురూ భవన నిర్మాణం చదువుకుంటున్న విద్యార్థులు, చిత్రకళా పాఠశాలలో తయారైనవారు కారు. గురువు లేడని మీరు దిగులు పడనవసరం లేదు. ఊరు చిన్నదనీ అనుకోకండి. మన తుమ్మపూడి సంజీవదేవ్ గారు (1914-1999) హిమాలయాలు చూసి వచ్చి కూడా, జీవితంలో ఎక్కువ కాలం ఆ పల్లెలోనే ఉండి, కళ మీద వ్యాసాలు రాశారు, ప్రకృతి చిత్రాలు వేశారు.

ఇందులో డాక్టరుగా నాకు నచ్చినదేమంటే, నేను పైన చెప్పిన జాగ్రత్తలకూ, ఈ పద్ధతికీ పొత్తు బాగా కుదురుతుంది. టర్పెంటైన్ వద్దన్నాను. ఈ పద్ధతిలో రంగు చిక్కగానే పడాలి. ఆరుబయట వేయమన్నాను. వారూ ఆరుబయటే వేశారు. సన్నని గీతకు చేయి వణుకుతుందన్నారు. ఇక్కడ సన్నని గీతతో పని లేదు. వెడల్పాటి కుంచె గాని, రంగు కలిపే చిన్న కత్తి గాని పట్టుకొని, మణికట్టుతో కాక భుజంతో చేయి ఆడించండి. అప్పుడు వణుకు అంతగా అడ్డురాదు. నిలబడి వేయండి. నడుముకూ మంచిది.

మీ ఊళ్ళోనే మొదలుపెట్టండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరప కల్లాలకన్నా ఎర్రని దృశ్యం ఎక్కడ దొరుకుతుంది? అయిదు రంగులు చాలు: టైటానియం తెలుపు, పసుపు మట్టిరంగు, కాడ్మియం లేని ఒక ఎరుపు, అల్ట్రామెరైన్ నీలం, కాల్చిన మట్టిరంగు. ముందు కల్లం దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడండి. మీకేమనిపించిందో ఒక్క మాటలో కాగితం మీద రాసుకోండి. మంట, ఒంటరితనం, పండుగ, ఏదైనా కావచ్చు. కాన్వాసును మూడు పెద్ద ముక్కలుగా చేయండి: ఆకాశం, కల్లం, నల్లరేగడి చేను. కాయలు లెక్కపెట్టకండి. మొదటి పొర కొంచెం రంగు తీసుకొని గుడ్డతో పలచగా రుద్దండి, నూనె కలపకండి. పైపొరల్లో మాత్రం చుక్క నూనె కలపవచ్చు. అడుగున నూనె ఎక్కువై పైన తక్కువైతే తరువాత పగుళ్ళిస్తుంది. రాసుకున్న మాటకు తగినట్లు ఆకాశాన్ని మార్చండి. ఒంటరితనం అని రాసుకుంటే కల్లం ఎంత ఎర్రగా ఉన్నా ఆకాశం బూడిద రంగు కావచ్చు. దూరంగా గుంటూరు వైపు పోయే రైలు ఒక్క నల్లని గీత కావచ్చు. ముప్పావుగంట వేసి ఆపండి. ఆరడానికి రోజులు పడుతుంది, తొందర వద్దు.

మనస్సు గురించి

కుంచె పట్టాక నిద్ర వచ్చిందన్నారు. ఆశ్చర్యం లేదు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 2016లో 39 మంది పెద్దవాళ్ళ చేత 45 నిమిషాలు బొమ్మలు చేయించి, ముందూ వెనకా ఉమ్మిలో కార్టిసాల్ అనే హార్మోనును కొలిచారు. మనస్సు ఒత్తిడిలో ఉన్నప్పుడు పెరిగే హార్మోను అది. నలుగురిలో ముగ్గురికి అది తగ్గింది. అంతకుముందు బొమ్మలు వచ్చినవారికీ, రానివారికీ తేడా కనిపించలేదు. ఇది చిన్న పరిశోధనే, కాని మీ అనుభవం దానికి దగ్గరగా ఉంది.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ డ్రెస్డెన్ కుర్రవాళ్ళలో కిర్క్‌నర్ అనే అతను మొదటి ప్రపంచ యుద్ధంలో మనస్సు చెదిరి, 1917లో స్విట్జర్లాండు కొండల్లోకి వెళ్ళి, అక్కడ ఎన్నో గొప్ప ప్రకృతి దృశ్యాలు వేశాడు. అయినా 1938లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. చిత్రలేఖనం వైద్యానికి తోడు, వైద్యానికి బదులు కాదు. భార్య పోయిన దుఃఖం జబ్బు కాదు. కాని ఆ నిద్రలేని రాత్రులు తిరిగి వచ్చి రెండు వారాలకు మించి ఉంటే, అన్నం సయించకపోతే, బతికి ఏం ప్రయోజనం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మనోవ్యాధుల డాక్టరును కలవండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

చివరిగా, మీ అబ్బాయి చేత ఈ జవాబు చదివించండి. టర్పెంటైన్ ఇంట్లో నుంచి పోవాలి, సీసం ట్యూబులు పోవాలి, బొమ్మల సామాను పడకగదిలో నుంచి వసారాకు రావాలి, అన్నీ తాళం ఉన్న పెట్టెలో ఉండాలి, గుడ్డలు నీళ్ళలో ఉండాలి. ఈ అయిదూ జరిగితే ఆయన భయానికి కారణం చాలావరకు పోతుంది. ఆపైన రంగులు పారెయ్యమని ఆయన అనరనే నా నమ్మకం. మనవడు వెంటే ఉంటాడన్నారు కనుక వాడికి ఆయిల్ రంగులు కాక మైనపు రంగు పెన్సిళ్ళు కొనివ్వండి. మీకు కాస్త దూరంలో కూర్చొని వాడి కల్లం వాడు వేసుకుంటాడు.